తరంగమును బుట్టించుటయు, తరంగము నెరుగుటయు

నేటి భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో సిగ్నల్ జనరేటరు సామాన్యమైన పరికరము. తరంగముయొక్క ఆకారమును, పౌనఃపున్యమును, ఎత్తును ఆజ్ఞాపించినచో నది యా ప్రకారము విద్యుత్తరంగమును బుట్టించును. సైను, చతురస్ర, త్రిభుజ, రంపపుపంటి తరంగము లందు ముందే సిద్ధముగా నుండును. కంప్యూటరుద్వారా యాజ్ఞలు పంపుటకు 1990వ సంవత్సరమున నేర్పడిన ఎస్.సి.పి.ఐ. అను నాజ్ఞాభాషయు గలదు. ఆకారము సైను, పౌనఃపున్యము 1000 హెర్ట్జులు, ఎత్తు 2 వోల్టులు అని మూడు పంక్తులు వ్రాసిన చాలును.

పని యింత సులభమైనపుడు విద్యార్థి నేర్వవలసిన దేమున్నదని కొంద రడుగుదురు. మా యభిప్రాయము వేరు. పని సులభమైన చోటనే తెలియనితనము దాగియుండుట కెక్కువ యవకాశము గలదు.

శిఖరమునుండి లోయవరకు 2 వోల్టులు గల చతురస్ర, సైను, త్రిభుజ తరంగములను వరుసగా బుట్టింతము. మూటి ఎత్తును ఒక్కటే. కాని వర్గమధ్యమూలపు విలువ చతురస్రమునకు 1 వోల్టు, సైనునకు 0.707, త్రిభుజమునకు 0.577. కావున నొకే నిరోధకమున బుట్టు వేడిమి చతురస్రముతో బోల్చగా సైనునకు సగము, త్రిభుజమునకు మూడవవంతు. మీట నొక్కుట మాత్రమే నేర్చినవాని కీ భేదము తోచదు.

మరియొకటి. పెక్కు జనరేటరుల లోపలి నిరోధము 50 ఓములు. బయట గలిపిన భారమును 50 ఓములే యని యెంచి యవి వోల్టులను జూపును. అధిక నిరోధము గల ఆసిలోస్కోపునకు గలిపినచో, జనరేటరు తెరపై 2 వోల్టులని యుండగా నిజముగా వచ్చునవి 4 వోల్టులు. ఇందు యంత్రము దోషము లేదు; భారమెంతయో మనము దానికి దెలుపలేదు. తెరపై నున్న 2ను రికార్డు పుస్తకమున నెక్కించిన విద్యార్థి మాత్రము తాను కొలువనిదానిని కొలిచితినని వ్రాసినవాడగును. మార్కులు వచ్చినను సత్యము తప్పినది. మాకు విచారము గలిగించున దిదియే.

కావున మేము కోరున దొక్కటి. చతురస్రపు మీటను ముట్టుటకు ముందు విద్యార్థి యా తరంగమును స్వయముగా గూర్చవలెను. ఫోరియర్ 1822లో బ్రకటించిన గ్రంథములోని పద్ధతి దీనికి జాలును. ఒక సైను తరంగమునకు మూడురెట్ల పౌనఃపున్యము గలదానిని మూడవవంతు ఎత్తునను, అయిదురెట్లదానిని అయిదవవంతు ఎత్తునను గలిపి గ్రాఫు కాగితముపై గీయవలెను. పిదప నా యంకెలను జనరేటరు జ్ఞాపకమున నింపి ఆసిలోస్కోపులో జూడవలెను. అంచులయొద్ద మొలచు చిన్న శిఖర మపుడు గానవచ్చును. ఎన్ని తరంగములు చేర్చినను ఆ శిఖరము సన్నగిలునే కాని, దుముకు ఎత్తులో సుమారు 9 శాతముకంటె దగ్గదు. దీనిని మీట చూపదు, చేతిపనియే చూపును.

పాఠ్యక్రమము పెద్దది, కాలము చాలదందురు. ఈ పనికి రెండు పీరియడులు చాలును. సిద్ధపు మీటలు వలదని మేము చెప్పుటలేదు. వృత్తిలో బ్రవేశించినవారికి నవి యావశ్యకములు. కాని నేర్చుకొను వయసున మీట జ్ఞానమునకు వెనుక రావలెను గాని ముందు రాగూడదు.

తలిదండ్రులకు నొక మనవి. మీ పిల్లలు రికార్డు పుస్తకమును జూపినపుడు మార్కు లెన్నియని యడుగుటకు ముందు, ఈ యంకె తెరపై జూచినదా, నీవు కొలిచినదా యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్న మా బోధనకు మిక్కిలి సహాయమగును.