అంబులెన్సుకి పచ్చ సిగ్నల్ ఒక్కటే చాలదు

మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఒక గట్టి నమ్మకం ఉంది. ఏ కష్టానికైనా ఒక స్క్రీన్ తగిలిస్తే సగం తీరిపోతుందని! కౌలాలంపూర్ ట్రాఫిక్‌లో అంబులెన్సు ఇరుక్కుందా? లైవ్ డేటా ఇవ్వండి, వేగమైన దారి అదే చూపిస్తుందంటారు. ఎవరి డేటా, ఎవరి చేతిలో, ఎవరి వీధి దాకా అని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

2018 జనవరిలో అలీబాబా, మలేషియా డిజిటల్ సంస్థ ఎండెక్, కౌలాలంపూర్ నగరపాలక సంస్థ కలిసి 'సిటీ బ్రెయిన్' ప్రకటించాయి. మొదటి దశలో నగరం నడిబొడ్డున 382 కెమెరాలు, 281 సిగ్నల్ కూడళ్ళు. అంబులెన్సుకి త్వరగా దారి దొరకడం అందులో చెప్పిన లాభాల్లో ఒకటి. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ అంబులెన్సు అవసరం నడిబొడ్డులోనే పడుతుందా?

దగ్గరి దారి వెతికే లెక్క కొత్తదేం కాదు. డైక్‌స్ట్రా 1959లోనే ప్రచురించాడు. కొత్తగా వచ్చిందల్లా, ఏ రోడ్డు ముక్క దాటడానికి ఇప్పుడు ఎంతసేపు పడుతుందన్న అంకె. అది చాలావరకు మన జేబుల్లోని ఫోన్ల నుంచే వస్తుంది. ఫోన్లు ఎక్కువున్న రోడ్డు మీద అది నమ్మదగ్గ అంకె, లేనిచోట ఉత్త అంచనా. పైగా అది మామూలు కార్ల వేగం. ఎర్ర సిగ్నల్ దాటే, ఎమర్జెన్సీ లేన్‌లో వెళ్ళే అంబులెన్సుది కాదు. మన కారుని చుట్టుదారి పట్టించే మ్యాపు అంబులెన్సునీ అలాగే తిప్పితే, పోయేది పెట్రోలు కాదు, ప్రాణం.

ఇక పేరాక్‌లోని బగాన్ దాతుక్ వైపు చూడండి. మన గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు ఉన్న ప్రాంతం. ఎస్టేట్ లోపలి మట్టిదారిలో ట్రాఫిక్ జామ్ ఏముంటుంది? అక్కడ ప్రశ్నలు వేరు. బండి ఎంత దూరం నుంచి రావాలి? ఆ దారి అసలు మ్యాపులో ఉందా? వాన పడితే బండి దిగబడుతుందా? వీటికి పచ్చ సిగ్నల్ జవాబు చెప్పదు.

నగరంలో మొదలైతే పల్లెకి తర్వాత వస్తుంది కదా అంటారు కొందరు. ఆ 'తర్వాత' ఎప్పుడని అడిగేవాడుంటేనే వస్తుంది!

మన రాష్ట్రం అనుభవం కూడా గుర్తు చేసుకోవాలి. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. జనం దాన్ని మెచ్చింది కంట్రోల్ రూములో తెరలు చూసి కాదు, బండి తమ ఊరికి వచ్చింది గనక. 2009లో సత్యం కుంభకోణం బయటపడగానే ఆ సేవ గతేమిటన్న ప్రశ్న వచ్చింది. చివరికి జీవీకే తీసుకుంది. ప్రాణాల మీదికొచ్చిన వేళ పనికొచ్చే ఏర్పాటు ఒక కంపెనీ జాతకం మీద ఆధారపడకూడదు. బండ్లకైనా, డేటాకైనా ఇదే సూత్రం.

కాబట్టి అడగాల్సినవి మూడు. ఒకటి, 999కి ఫోన్ చేసిన క్షణం నుంచి బండి గడప చేరేదాకా ఎంతసేపు పట్టిందో జిల్లాలవారీగా ప్రచురించాలి. సగటు ఒక్కటే చెప్పి పల్లెల ఆలస్యాన్ని దాచకూడదు. రెండు, మన ఫోన్ల నుంచి రోడ్డు డేటా పోగేసే కంపెనీలు దాన్ని 999 కేంద్రానికి ఉచితంగా ఇవ్వాలని చట్టం చెయ్యాలి. ఇచ్చేది మనిషి ఆచూకీ కాదు, రోడ్డు వేగం మాత్రమే. మూడు, అంబులెన్సులు తిరిగిన జీపీఎస్ రికార్డులతోనే అంబులెన్సు వేగం లెక్కకట్టాలి.

వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనకి ఇక్కడ ఓటు లేదు, నిజమే. చేతిలో పని ఉంది కదా! ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా రోడ్డు గీయవచ్చు. వారాంతపు విందుల్లో రాజకీయాలు దంచే మనం, ఒక్క ఆదివారం ఎస్టేట్‌లోని పెద్దవాళ్ళని అడిగి, ఆ దారులూ వంతెనలూ మ్యాపుకెక్కిస్తే ఏం పోతుంది? ఓటున్న మలేషియా తెలుగువాళ్ళు ఆ మ్యాపు పట్టుకుని తమ ఎంపీ దగ్గరికి వెళ్ళి, మా ఊరికి ఎన్ని నిమిషాలని నిలదీయవచ్చు.