మెడ ముడతలకు మందు అడిగే ముందు



పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడితే చాలు, నాకు వచ్చే ప్రశ్నల్లో సగం మొహం, జుట్టు, మెడ గురించే ఉంటాయి. ఈసారి ఎక్కువగా మెడ గురించి వచ్చాయి. "హకీం సాబ్, అమ్మాయి నికాహ్ రెండు నెలల్లో ఉంది. ఫోటోల్లో నా మెడ ముసలిదానిలా కనబడుతోంది. ఆపరేషన్ లేకుండా సూదులతో, మెషిన్లతో బిగిస్తామని బ్యూటీ పార్లరు వాళ్ళు అంటున్నారు. వెళ్ళమంటారా? యునానీలో ఏదైనా రోగన్ ఉందా?" బళ్ళారి నుంచీ, హోసూరు నుంచీ, యానాం నుంచీ ఇదే ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేలాడే మెడ చర్మాన్ని పైకి లాగి బిగించే రోగన్ యునానీలో లేదు. ఉందని సీసా అమ్మే హకీం మీ డబ్బు తింటున్నాడు. ఆ సీసా మీద 'తిబ్బె నబవీ' అని రాసుకుంటే ఆ తప్పు ఇంకా పెద్దది. పార్లరులో సూది వేయించుకోవడం అంతకన్నా ప్రమాదం. నూనెతో పోయేది డబ్బే, సూదితో ఆరోగ్యమూ పోవచ్చు.

అందంగా కనబడాలనుకోవడం తప్పని నేను అనను. షేఖ్ బూ అలీ సీనా తన 'అల్ ఖానూన్' నాలుగో గ్రంథంలో జీనత్ కోసం, అంటే జుట్టు, చర్మం, గోళ్ళ శోభ కోసం ఒక విభాగమే కేటాయించాడు. కాబట్టి ఇది మన వైద్యానికి పరాయి విషయం కాదు. అసలు మెడకు ఏమవుతుందో తెలుసుకోకుండా మందు అడగడంలోనే చిక్కంతా ఉంది.

మన తిబ్బు ప్రకారం వృద్ధాప్యపు మిజాజ్ బారిద్ యాబిస్, అంటే చలువ, పొడి. ఒంట్లోని సహజమైన వేడి, తేమ రెండూ తరుగుతాయి. ఈనాటి డాక్టర్ల భాషలో చెప్పాలంటే, ఆడవారికి బహిష్టు ఆగిన మొదటి ఐదేళ్ళలోనే చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. మెడ చర్మం అసలే పలుచన, అందులో నూనె గ్రంథులూ తక్కువ. దాని కింద దవడ నుంచి కాలర్ ఎముక దాకా ప్లాటిస్మా అనే కండరం పల్చటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది తాళ్ళలా పైకి తేలుతుంది. ఆ తాళ్ళు వేరు, వదులైన చర్మం వేరు, గడ్డం కింద కొవ్వు వేరు. అడ్డగీతలంటారా, అవి పసిపిల్లల మెడ మీద కూడా ఉంటాయి. అన్నింటికీ ఒకే మందు అడుగుతున్నాం కాబట్టే మోసపోతున్నాం.

తాళ్ళలా తేలిన కండరానికి బొటాక్స్ సూది వేస్తారు. మెడ కండరానికి దీన్ని వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. దాని పని మూడు నాలుగు నెలలే. వదులైన చర్మాన్ని అది తీసెయ్యదు. మందు లోతుకు పాకితే మింగడం కష్టమవుతుంది, గొంతు మారుతుంది. గడ్డం కింద కొవ్వు కరిగించే డియాక్సీకోలిక్ ఆసిడ్ సూదికి 2015లో అక్కడే అనుమతి వచ్చింది. కొవ్వు కరిగాక పైచర్మం మరింత వేలాడవచ్చు. దవడ నరానికి దెబ్బ తగిలితే కొంతకాలం నవ్వు వంకర పోతుంది. ఇక అల్ట్రాసౌండ్, రేడియో ఫ్రీక్వెన్సీ మెషిన్లు లోపలి పొరలకు వేడి ఇచ్చి కొత్త కొల్లాజెన్ పుట్టిస్తాయి. ఆ ఫలితం కొద్దిపాటిదే, అదీ నెమ్మదిగా నెలల మీద కనబడుతుంది. రెండు నెలల్లో ఉన్న నికాహ్‌కు దాన్ని నమ్ముకోకండి. చేతకానివాడి చేతిలో ఆ వేడికి చర్మం కాలి మచ్చలు పడతాయి. ఎవరు చేయించుకున్నా అర్హత ఉన్న చర్మవైద్యుని దగ్గరే చేయించుకోవాలి, మందు సీసా మీది పేరు, తేదీ కళ్ళతో చూడాలి.

ఇవి జాయెజా, నాజాయెజా అని కొందరు నన్నే అడుగుతారు. అది ముఫ్తీ సాబ్ చెప్పవలసిన మాట. అయితే ఆయనకు సంగతి సరిగ్గా చెప్పండి. బొటాక్స్ మందు బాక్టీరియా నుంచి తీసేది, పంది నుంచి కాదు. కానీ అందులో మనిషి రక్తం నుంచి తీసిన అల్బుమిన్ కలుపుతారు. కొల్లాజెన్ పొడుల విషయంలో మాత్రం జాగ్రత్త. అవి చేప నుంచీ, పశువు నుంచీ, పంది నుంచీ కూడా తయారవుతాయి. డబ్బా చదవకుండా కొనకండి.

మరి ఇంట్లో ఏం చేసుకోవచ్చు? స్నానం చేసిన వెంటనే, చర్మం పూర్తిగా ఆరకముందే రోగన్ బాదాం షీరీన్ నాలుగు చుక్కలు రాసుకోండి. పొడితనం తగ్గి సన్నగీతలు కాస్త మెత్తబడతాయి. అంతవరకే ఆశించండి. దల్క్ లేతగా, అరచేత్తో ఉండాలి. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు ఉన్నాయి. పెద్దవయసు వారికి అక్కడ గట్టిగా నొక్కితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పటిక, మాచికాయ, గుడ్డు తెల్లసొన ఇచ్చే బిగువు కడుక్కునేదాకానే ఉంటుంది. నిమ్మరసం అసలు వద్దు. ఎండ విషయంలో మన ఆడవారికి దుపట్టా మేలు చేస్తుంది. బండి మీద తిరిగే మగవారి మెడలే ముందుగా ముడతలు పడతాయి, వారు మాత్రం ఏ మందూ అడగరు! అత్తరు మెడకు కాకుండా బట్టలకు పూసుకోండి. కొన్ని సుగంధ తైలాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నల్లమచ్చలు పడతాయి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి. మెడ వెనుక చర్మం మందంగా, మఖ్మల్‌లా నల్లబడితే తల్లులు దాన్ని మురికి అనుకుని కొబ్బరిపీచుతో రుద్దుతున్నారు. పెళ్ళిచూపులు ఉన్నాయని తెల్లబరిచే క్రీములు పూస్తున్నారు. ఆ నలుపు చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. ముందుముందు చక్కెర వ్యాధి రావచ్చని హెచ్చరిక. ఎంత రుద్దినా అది పోదు, బరువు తగ్గితే, చక్కెర అదుపులోకి వస్తే పలచబడుతుంది. ఆ క్రీముల మాటకొస్తే, కేరళలోని మలప్పురంలో 2021-2023 మధ్య ఊరూ పేరూ లేని క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. కారణం వాటిలోని పాదరసం.

అలాగే బరువు తగ్గాలని మీరు ఏమీ చేయకుండానే మెడ చర్మం కొద్ది నెలల్లో వదులైపోతే, అది వయసు పని అనుకోకండి. చక్కెర, థైరాయిడ్, క్షయ పరీక్షలు చేయించుకోండి. మెడ పక్కన గడ్డలు కడితే మనం ఖనాజీర్ అంటాం, తెలుగులో గండమాల అంటారు. అది ఎక్కువగా క్షయ వల్లే వస్తుంది, దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. రోగన్ రాస్తూ కూర్చుంటే కాలం దాటిపోతుంది.

ఈరోజే అద్దం ముందు గడ్డం పైకెత్తి ఒక గుటక నీళ్ళు మింగి చూడండి. గొంతు ముందు భాగంలో ఉబ్బు ఏదైనా మింగేటప్పుడు పైకి కదిలితే పార్లరుకు వెళ్ళకండి, థైరాయిడ్ పరీక్షకు వెళ్ళండి. ఆ కాగితాలు వచ్చాక ముడతల సంగతి మాట్లాడుకుందాం, ఇన్‌షా అల్లాహ్.