ముందు టేపు, తర్వాత మిషను

ఏ వస్తువు కొనాలన్నా ముందు స్ప్రెడ్‌షీట్ తెరవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బు. కాలం చేసిన వాళ్ళమ్మగారి వెంకటగిరి చీరలతో పెద్ద మంచానికి బొంత కుడతానంది మా ఆవిడ. ముక్కలు అతకడం వరకూ ఇంట్లో ఉన్న కుట్టు మిషనే సరిపోయింది. పై గుడ్డ, మధ్యన దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టే క్విల్టింగ్ దగ్గరకొచ్చేసరికి ఆ బరువుని మిషను కింద తిప్పలేక ఆవిడ భుజాలు పట్టేశాయి. ఫ్రేమూ, దానిమీద నడిచే మిషనూ కొందామని నేను స్ప్రెడ్‌షీట్ తెరిచాను. మొదటి కాలమ్‌లో నిమిషానికి ఎన్ని కుట్లో రాశాను. అక్కడే పొరబడ్డాను.

లెక్క చూడండి. నిమిషానికి 1500 కుట్లంటే సెకనుకి 25. అంగుళానికి 10 కుట్లు పడాలంటే చెయ్యి సెకనుకి రెండున్నర అంగుళాలు కదలాలి. 3000 కుట్లయితే 5 అంగుళాలు. లతలూ పువ్వులూ తిప్పుతూ అంత జోరు నిలుపుకోవడం కొత్తవాళ్ళ వల్ల కాదు. కావలసింది వేగం కాదు, స్టిచ్ రెగ్యులేటర్. ఫ్రేము మీద గుడ్డ నిలిచి ఉంటుంది, మిషనే చక్రాల మీద కదులుతుంది. ఆ కదలికని కొలిచే ఎన్‌కోడర్లు, మన పాత బంతి మౌసులో ఉండేలాంటివే, చెయ్యి నెమ్మదిస్తే సూదినీ నెమ్మది చేస్తాయి. కుట్లు సమానంగా పడతాయి.

రెండోది మిషను మెడలోని జాగా. దీన్ని త్రోట్ అంటారు. కుట్టిన బొంత చుట్టుకుంటూ ఆ జాగానే తినేస్తుంది. 8 అంగుళాల మామూలు మిషన్ని ఫ్రేముకెక్కిస్తే చివరికి సగం మిగిలినా గొప్పే. 100 అంగుళాల బొంతని నాలుగేసి అంగుళాల చొప్పున కుడితే 25 వరసలు. పన్నెండేసి అంగుళాలు దొరికితే 9 వరసలు.

మూడోది ఇల్లు. రెండు చీరల పన్నా కలిపితే దాదాపు 90 అంగుళాల అస్తరు. రెండు చివర్లా మిషను నిలిచే చోటు పోగా, దానికి 10 అడుగుల ఫ్రేము కావాలి. గరాజ్ నేలమీద టేపు అంటించి చూశాం. ఫ్రేము పడుతుంది, కారు పట్టదు!

ఇంకో మాట. ఈ పెద్ద మిషన్లలో చాలావాటికి గుడ్డని ముందుకు లాగే పళ్ళుండవు. ముక్కలు అతకడానికి పాత మిషనే గతి. దాన్ని అమ్మేయకండి.

నా అభిప్రాయం ఇది. ఏడాదికి ఒకటి రెండు బొంతలు కుట్టే ఇంటికి సొంత ఫ్రేము దండగ. నేర్పించి, గంటల లెక్కన మిషను అద్దెకిచ్చే క్విల్టు షాపులున్నాయి, అక్కడ మొదలుపెట్టండి. మేమదే చేశాం. అప్పటికీ కొనాలనిపిస్తే ముందు గది కొలవండి, తర్వాత మెడ జాగా, ఆపైన రెగ్యులేటర్. వేగం ఆఖర్న.

చవక గుడ్డ మీద నాలుగు రోజులు చెయ్యి తిరిగాకే చీరల జోలికి వెళ్ళండి. కోడ్‌లో తప్పు దొర్లితే వెనక్కి వెళ్ళొచ్చు. అమ్మ కట్టి నలిగిన చీరలో తప్పు కుట్టు విప్పితే చిల్లు మిగులుతుంది. ఆ చీర మళ్ళీ ఏ షాపులోనూ దొరకదు.