గేటు మీద పేరు మీది, లైట్ల ఖర్చూ మీదే

హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియం పేరు హక్కుల్ని 2004లో విశాక ఇండస్ట్రీస్ వేలంలో దక్కించుకుంది. మా పటాన్‌చెరు దగ్గర సిమెంటు రేకులు చేసే కంపెనీయే అది. తర్వాత స్టేడియానికి రాజీవ్ గాంధీ పేరొచ్చింది. 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డే ఆడే నాటికి విశాక పేరు లేదు. డబ్బు గొడవ ఆర్బిట్రేషన్ దాకా పోయింది. ఒప్పందమంటే ఇంత అలుసా?

పెద్ద స్టేడియం కథ అది. మా దగ్గర ఆ మాత్రం మైదానమూ లేదు. పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వస్తూ చూస్తుంటాను. లారీలు ఆగే ఖాళీ జాగాలో పిల్లలు ఇటుకలే వికెట్లుగా ఆడుతుంటారు. పొద్దుగూకితే లారీ హెడ్‌లైటే దిక్కు. బంతి గుంతలో పడితే నల్లటి నీళ్లు కారుతూ చేతికొస్తుంది.

ఇన్ని ఫ్యాక్టరీల నడుమ ఇదేం ఖర్మ! ఏదో ఒక కంపెనీ పిల్లలకు మైదానం చేసిచ్చి, దానికి తన పేరు పెట్టుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ దానికి పెట్టే సొమ్మును సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖాతాలో చూపొద్దు. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను 2021 సీఎస్ఆర్ నిబంధనలు ఒప్పుకోవు. ప్రకటనల బడ్జెట్ నుంచే ఇవ్వాలి. లైట్లు, మంచినీళ్లు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, వాచ్‌మన్ జీతం పదేళ్లపాటు భరించాలి. షరతులు గేటు పక్కనే తెలుగులో రాయించాలి. ఖర్చు ఆపిన రోజున పేరు చెరిపేయాలి.

కలెక్టరు గారూ, పారిశ్రామికవాడ స్థానిక పాలన చూసే ఐలా పెద్దలూ, ఒక్క మైదానంతోనైనా ఈ ఏడే మొదలుపెట్టండి.