వర్ధంతి నాడు వినవలసినది

గొప్ప విద్వాంసుల వర్ధంతి వచ్చిందంటే మనకు వారి విద్య కంటె వారిని గూర్చిన కథలే ముందుగా జ్ఞప్తికి వస్తాయి. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ గారి విషయమే తీసుకొనండి. ‘మొఘల్-ఎ-ఆజమ్’ చిత్రంలో ఒక్కొక్క పాటకు ఆయన 25,000 రూపాయలు పుచ్చుకొన్నారని అందరూ చెప్పుకొంటారు. ముచ్చటైన కథే, కాదనను. కాని అందులో సంగీతమెంత?

1902లో కసూర్‌లో జన్మించిన ఈ పటియాలా ఘరానా గాయకుడు దేశ విభజనానంతరం పాకిస్తాన్‌లో ఉండి, తిరిగి వచ్చి, 1957లో భారత పౌరసత్వం పొందారు. కడపటి సంవత్సరాలలో పక్షవాతం శరీరాన్ని కుంగదీసినా, కుమారుడు మునవ్వర్ అలీఖాన్ తోడు నిలువగా సభలలో పాడుతూనే వచ్చారు. 1968 ఏప్రిల్‌లో హైదరాబాదులోని బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. పారితోషికం కథ తెలిసిన విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఆయన గొంతులో ‘హరి ఓం తత్సత్’ భజన విన్నవారికి మతసామరస్యాన్ని గూర్చి వేరే ఉపన్యాసం అక్కరలేదు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి కూర్చునే మన కళాశాలలో ఆ భజనతోబాటు ఒక ఖయాల్‌ను, ఒక ఠుమ్రీని గంటసేపు రికార్డులపై వినిపించాలని కమిటీవారికి నా విన్నపం. ఏప్రిల్ పరీక్షల కాలమని అభ్యంతరం రావచ్చు. జయంతి జరుపుదామన్నా అదీ ఏప్రిల్ 2వ తేదీయే! కనుక తేదీ పట్టింపు మాని, వానాకాలంలో తరగతులు మొదలైన పిమ్మట ఒక సాయంకాలం ఏర్పాటు చేస్తే చాలును. అధ్యక్షోపన్యాసం మాత్రం అయిదు నిమిషాలు మించరాదు.