బోయాకు కాపలా ఎవరు?

చేలో నీరెంతుందో చూడాలంటే గట్టు మీదికి వెళ్తే చాలు. సముద్రం సంగతి అలా కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న మన తీరంలో అల ఎంత ఎత్తు లేస్తోంది, నీటి వడి ఎటు లాగుతోంది అని చెప్పాలంటే నీళ్లలోనే ఒక పరికరం ఉండాలి. అవే బోయాలు. పసుపు రంగు వేసి, లంగరు కట్టి వదిలిన వాటిని వేటకు వెళ్లే మీలో చాలామంది చూసే ఉంటారు.

1996 నవంబర్ 6న తూర్పుగోదావరి తీరాన్ని తుపాను కొట్టినప్పుడు వేటకు వెళ్లిన వందలాది మంది ఇళ్లకు తిరిగి రాలేదు. మన దేశం సముద్రంలో బోయాలు లంగరేయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. 1999లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఏర్పడింది. 2004 డిసెంబర్ 26 సునామీ దెబ్బ తిన్నాక 2007లో అక్కడే హెచ్చరిక కేంద్రమూ వచ్చింది. చేపలు ఏ దిక్కున, ఎంత దూరంలో దొరకొచ్చో రేవులకు తెలియజేసేదీ ఈ సంస్థే. అందుకు ఉపగ్రహం నీటి వేడిని, పచ్చదనాన్ని చూస్తుంది. మబ్బు కమ్మిందా, అదీ కనపడదు.

ప్రపంచ దేశాలు కలిసి నడిపే ఆర్గో ఫ్లోట్లు సుమారు 4 వేలున్నాయి. ఇవి 2,000 మీటర్ల లోతుకు దిగి, 10 రోజులకోసారి పైకి తేలి, లెక్కలు పంపిస్తాయి. ఆ లెక్కలు ఎవరికైనా ఉచితమే. బాగానే ఉంది గానీ, అవి లోతు సముద్రానికి సంబంధించినవి. మన నాటు పడవలు తిరిగే నీళ్లలో పనికిరావు. ఒడ్డు దగ్గరి లెక్క మనమే చూసుకోవాలి.

తీరా బోయా పెట్టాక జరుగుతున్నదేమిటి? దాని నీడన చేపలు చేరతాయి. బోటు తెచ్చి దానికే కడతారు. వల చిక్కుకుంటుంది, తాడు తెగుతుంది. కొందరైతే సోలార్ పలకలు, బ్యాటరీలు ఊడదీసుకుపోతున్నారు. తప్పే, కాదనను. కానీ ఆ బోయా చెప్పిన మాట దానికి బోటు కట్టినవాడి చెవిన ఎప్పుడైనా పడిందా? వెనక ఊరి చెరువు తూముకు నీరటి ఉండేవాడు. కళ్లంలో అందరూ ఇంత గింజలు కొలిచి పోషించారంటే, ఆ నీరు తమ మడికి వస్తుందని తెలుసు గనుకనే. బోయా ఎవరి మడికి నీళ్లిస్తోందో జాలరికి ఎవరూ చెప్పలేదు.

ఇక రెండో బాధ. ఉప్పు నీళ్లలో పరికరానికి కొద్ది వారాల్లోనే నాచు, గుల్లలు పట్టి లెక్క తప్పుతుంది. కొనడానికి డబ్బులిచ్చే సర్కారుకు తుడవడానికి మాత్రం చేతులు రావు. పెద్ద ఓడ ఖర్చు మోయలేక వాయిదాలు వేస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు రేవులో ఖాళీగా ఉంటాయి. ఒడ్డుకు దగ్గరగా ఉన్న వాటిని తుడిచే పనికి ఆ బోట్లనే కూలికి ఎందుకు పిలవకూడదు? ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులను తోడు పంపితే వాళ్లకూ పని తెలుస్తుంది.

రొయ్యల రైతులారా, మీరూ కాస్త వినండి. కాలువ నీళ్లు చెరువులోకి తోడే ముందు ఉప్పుశాతం మీరెటూ చూసుకుంటారు. ఆ అంకెలు మీ నోటు పుస్తకంలోనే ఉండిపోతున్నాయి. తేదీ, కాలువ పేరుతో అవన్నీ ఒకచోట చేరితే ఒడ్డు నీళ్ల కథ సగం తెలిసినట్టే. అయితే రెండేళ్లు రాసి మూడో ఏడు మానేస్తే లాభం లేదు. విశాఖలో సముద్ర మట్టాన్ని 1930ల నుంచి కొలుస్తున్నారు కాబట్టే అది ఎంత పెరుగుతోందో ఇవాళ చెప్పగలుగుతున్నాం.

ఏ బోయా ఏ రేవుకు దగ్గరో మత్స్యశాఖ వచ్చే వేట నిషేధం లోపే జాబితా రాసి రేవుల్లో అంటించాలి. అది చూపిన అలల ఎత్తును రోజూ తెల్లవారుజామున, పడవలు కదలకముందే, రేవు బోర్డు మీద తెలుగులో రాయించాలి.