మట్టి మనది, పేరెవరిది?

పట్నంలో ఇప్పుడు మట్టి ఇల్లు గొప్పయిపోయింది. పునాది తవ్విన మట్టిని పారబొయ్యకుండా జల్లించి, ఇసుకా, నూటికి 5 నుంచి 8 పాళ్ల సిమెంటూ కలిపి, మిషన్లో ఒత్తి ఇటుక చేస్తున్నారు. కాల్చే పని లేదు, కట్టెలక్కర్లేదు. మూడు నాలుగు వారాలు తడి ఆరకుండా చూస్తే చాలు. బెంగుళూరు సైన్సు సంస్థ వాళ్లు 1970ల నుంచీ దీనిమీద పనిచేశారు. మంచిదే, కాదనం.

అయితే వరిగడ్డి ముక్కలు, ఊక, పేడ కలిపి తొక్కితే గోడ నెర్రెలియ్యదని మన అవ్వలకు ఏ ఇంజనీరు చెప్పిండు? ఊళ్లో ఎన్ని మిద్దెలకు మన కాళ్లు మట్టి తొక్కలేదు! అప్పుడు కూలి నాలుగు గింజలు. మన గోడకు సర్కారు పెట్టిన పేరు ‘కచ్చా’. అదే గోడకు ఇవాళ రిసార్టుల్లో రోజుకు వేలు.

అట్లని మళ్లీ మట్టి గుడిసెల్లోకి పొమ్మని మనకెవరూ నీతులు చెప్పొద్దు. చాలా వాడలు పల్లంలోనే ఉన్నయి. రాతి బేస్‌మెంటు, ముందుకు చాచిన చూరు లేకుంటే వానకు మట్టిగోడ నిలవదు. నల్లరేగడయితే ఇసుక కలపందే పనికిరాదు.

మనమడిగేదేంది? సర్కారు ఇళ్లకు ఈ ఇటుకే వాడతామంటే ఒత్తుడు మిషను వాడ సంఘం చేతికియ్యాలె, కాంట్రాక్టరుకు కాదు. పని మన పిల్లలకు నేర్పాలె. ఇంజనీరు బిల్లులో ఈ గోడను ‘పక్కా’ అనే రాయాలె. చెరువు పూడిక మట్టి ఎవరి ట్రాక్టర్లలో పోతుందో వచ్చే గ్రామసభలో లెక్క అడుగుదాం.